మాల్ మనదయ్యాక ఏం చేస్తాం?

జాంబీ సినిమాల మాట వస్తే మా ఆఫీసులో తెలుగువాళ్ళు దాదాపు అందరూ ఒకే తీర్పు చెప్పేస్తారు. జాక్ స్నైడర్ 2004లో తీసిన 'డాన్ ఆఫ్ ద డెడ్' చూశాక, జార్జ్ రొమేరో 1978లో తీసిన అసలు సినిమా చూడలేం, మరీ స్లో అని. నాకు ఈ తీర్పు మింగుడు పడదు. రీమేక్ బాగా తీసిన సినిమానే. అందులో కొన్ని సీన్లంటే నాకు ప్రాణం. అయినా రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, పాత సినిమా, గెలిచాక ఏం చేస్తాం అన్న ఒక ప్రశ్న అడిగి చివరిదాకా దాన్ని వదలకుండా పట్టుకుంది. కొత్తది ఆ ప్రశ్న గుమ్మం దాకా వచ్చి కూడా పక్కనుంచి వెళ్ళిపోయింది. ఈ తేడాకీ, పాతదాంట్లో జాంబీలు నెమ్మదిగా నడిస్తే కొత్తదాంట్లో పరిగెత్తడానికీ సంబంధం ఉంది. కానీ మావాళ్ళు అనుకునే సంబంధం కాదు.

పాత సినిమా కథ తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. చచ్చినవాళ్ళు లేచి బతికున్నవాళ్ళని తినడం మొదలుపెడతారు. నగరాలన్నీ చేయి దాటిపోతుంటే నలుగురు ఒక హెలికాప్టర్ ఎక్కి పారిపోతారు. టీవీ స్టేషన్‌లో పనిచేసే ఫ్రాన్, ఆమె ప్రియుడు స్టీఫెన్, పోలీసు దళం నుంచి తప్పుకొచ్చిన పీటర్, రోజర్. దారిలో ఒక షాపింగ్ మాల్ కనబడితే పైకప్పు మీద దిగుతారు. అది పెన్సిల్వేనియాలో పిట్స్‌బర్గ్ పక్కనున్న మన్రోవిల్ మాల్, 1969లో తెరిచినది. సినిమా తీసే రోజుల్లో కూడా పగలంతా అక్కడ వ్యాపారం మామూలుగానే నడిచేది. రాత్రి షాపులు మూశాక రొమేరో బృందం లోపలికి వెళ్ళి, పొద్దున మళ్ళీ తెరిచేలోగా అన్నీ సర్దేసి బయటపడేది. క్రిస్మస్ అలంకరణలు కట్టిన రోజుల్లో వాటిని రోజూ విప్పి కట్టడం కుదరక షూటింగే ఆపేశారు.

రీమేక్‌కి దొరికిన మాల్ వేరు. కెనడాలోని థార్న్‌హిల్‌లో మూతపడి, కూల్చివేతకి సిద్ధంగా ఉన్న మాల్‌ని తీసుకుని, అందులో షాపులు కొత్తగా అమర్చి, దాన్నే అమెరికాలోని మిల్వాకీ మాల్‌గా చూపించారు. ఒకటి నడుస్తున్న మాల్‌లో శవాల్ని తిప్పి తీసిన సినిమా, ఇంకొకటి చచ్చిన మాల్‌కి రంగులేసి తీసిన సినిమా. తెర మీద ఆ తేడా తెలిసిపోతుంది. పాత సినిమాలో కెమెరా అరల మీద, బొమ్మల మీద, ఫౌంటెన్ల మీద, గడియారం మీద ఆగుతుంది. నిన్న సాయంత్రం ఎవరో నిజంగా తాకి చూసి ధర అడిగి పెట్టేసిన వస్తువులు అవి. రీమేక్‌లో మాల్ అంటే ప్రధానంగా గోడలు, తలుపులు, పైకప్పు. దాక్కోవడానికి ఒక కోట కావాలి, అది దొరికింది, అంతే.

బెంగళూరులో ఉండేవాళ్ళకి 2004 అంటే ఇంకో గుర్తు ఉంటుంది. కోరమంగళలో ఫోరం మాల్ తెరిచింది ఆ ఏడాదే. ఇప్పుడు దాని పేరు నెక్సస్ అయినా, ఆటో ఎక్కి ఫోరం అంటేనే తీసుకెళ్తారు. అమెరికా, కెనడాల్లో మాల్ ముసలిదైపోయి, సినిమావాళ్ళకి మూతపడ్డ మాల్ దొరికే నాటికి మనకి మాల్ అప్పుడే పుట్టింది. అందుకే రొమేరో సినిమా మనకి పాతది కాదు అంటాను నేను. మాల్ ఇంకా కొత్తగా, కాస్త అబ్బురంగా ఉన్న కాలంలో తీసిన సినిమా అది. మదనపల్లె నుంచి, అనంతపురం నుంచి, ఒంగోలు నుంచి వచ్చి మడివాళ పీజీల్లో దిగిన మా బ్యాచ్‌కి ఆదివారం అంటే మాలే. కొనేదేమీ ఉండదు. ఏసీలో పై అంతస్తు దాకా వెళ్ళి, కిందికి దిగి, మళ్ళీ పైకెక్కి, చివరికి బయటికొచ్చి ఆంధ్రా మెస్‌లో భోంచేసి ఇంటికి పోవడం.

అమ్మ మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు తనని కూడా అక్కడికే తీసుకెళ్ళాను. ఎస్కలేటర్ ముందు ఆగిపోయింది. ఒక చేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, రెండో చేత్తో నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక మెట్టు వదిలింది, ఇంకో మెట్టు వదిలింది. వెనకాల జనం ఆగిపోయేసరికి పక్కకి జరిగి "మీరు పొండి నాయనా" అని వాళ్ళకి దారిచ్చింది. రొమేరో సినిమాలో జాంబీలు ఎస్కలేటర్ మీద తడబడి పడిపోయే సీన్ వచ్చినప్పుడు అందరూ నవ్వుతారు, నవ్వాలనే తీశారు కూడా. నాకు మాత్రం ప్రతిసారీ గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఆ సినిమాలో అందరూ చెప్పుకునే మాట ఒకటుంది. వీళ్ళంతా ఇక్కడికే ఎందుకొస్తున్నారు అని ఫ్రాన్ అడుగుతుంది. ఏదో జ్ఞాపకం అయ్యుంటుంది, బతికుండగా ఈ చోటు వాళ్ళకి ముఖ్యమైనది కదా అంటాడు స్టీఫెన్. దీన్ని పట్టుకుని ఏళ్ళ తరబడి విమర్శకులు ఒకటే అర్థం చెబుతున్నారు. జాంబీలంటే షాపింగ్ పిచ్చి పట్టిన జనమే అని. నేను ఒప్పుకోను. ఆ సినిమాలో జాంబీలు షాపుల్లోంచి వస్తువులు పోగుచేసుకోరు. వస్తారు, తిరుగుతారు, అద్దాల మీద చేతులు ఆనిస్తారు. కోట్లు, వాచీలు, తుపాకులు, తినుబండారాలు బండ్లలో నింపుకునేది బతికున్న నలుగురు. బ్యాంకులోకి వెళ్ళి నోట్లకట్టలు కూడా తీసుకుంటారు, ప్రపంచమే లేనప్పుడు వాటితో పని లేదని తెలిసి కూడా. రొమేరో వేలు చూపించింది తలుపు బయట ఉన్నవాళ్ళ వైపు కాదు, లోపల ఉన్నవాళ్ళ వైపు.

ఇప్పుడు నడక సంగతి. మా పిన్ని కొడుకు బీటీఎం లేఅవుట్‌లో నాతోపాటే ఉంటాడు. వాడికి పాత సినిమా చూపిస్తుంటే మధ్యలో అడిగాడు. "అంత నెమ్మదిగా వచ్చేదాన్ని చూసి భయమెందుకన్నా? పక్కకి జరిగితే సరిపోతుంది కదా."

నిజమే, సరిపోతుంది. సినిమా మొత్తం ఆ 'సరిపోతుంది' మీదే నిలబడింది. జాంబీలు నెమ్మది కాబట్టి, ఎవరైనా చచ్చారంటే అందులో వాళ్ళ తప్పు ఎంతో కొంత ఉంటుంది. రోజర్‌నే చూడండి. మాల్ తలుపులకి అడ్డంగా లారీలు తెచ్చి పెడుతున్నప్పుడు వాడికి ఆట ఎక్కువైపోతుంది. అరుస్తాడు, కేకలేస్తాడు, జాంబీలతో చెలగాటం ఆడతాడు. బుర్ర దగ్గర పెట్టుకో అని పీటర్ కోప్పడుతూనే ఉంటాడు. సామాన్ల సంచి వేరే లారీలో మర్చిపోయి దానికోసం వెనక్కి వెళ్ళినప్పుడు కరిపించుకుంటాడు. పరిగెత్తే జాంబీ అయితే ఎవరినైనా ఎప్పుడైనా పట్టేస్తుంది. అది కరిస్తే దురదృష్టం. రోజర్‌ని కరిచింది దురదృష్టం కాదు, గెలుస్తున్నామన్న మత్తు.

పరిగెత్తేవాడు ఇంకొకటి కూడా చెయ్యలేడు. కూర్చోలేడు. పాత సినిమాలో నేను ఎన్నిసార్లైనా చూడగలిగే సీన్ ఒకటుంది. ఫ్రాన్ అద్దం తలుపుకి ఇవతల నేల మీద కూర్చుని ఉంటుంది. అవతల సాఫ్ట్‌బాల్ ఆటగాడి యూనిఫాంలో ఒక కుర్ర జాంబీ. వాడు కూడా కూర్చుంటాడు. ఆమె వాడిని చూస్తుంది, వాడు ఆమెని చూస్తాడు. దాడి లేదు, అరుపు లేదు. చనిపోయిన రోజు వాడు ఆట మధ్యలోంచి వచ్చాడా, ఇంటికి పోతున్నాడా అని మనకి ఆలోచించే వ్యవధి దొరుకుతుంది. ఆ సినిమాలో ప్రతి జాంబీకీ ఒక బతుకు ఉండేదని గుర్తుంటుంది. నర్సు ఉంటుంది, క్రైస్తవ సన్యాసిని ఉంటుంది, హరేకృష్ణ భక్తుడు కూడా ఉంటాడు. స్నైడర్ జాంబీలకి మేకప్ ఎంతో గొప్పగా చేశారు, కానీ మొహాలు గుర్తుండవు. గుర్తుపట్టేలోపే తల పేలిపోతుంది.

అసలు విషయానికి వస్తాను. మాల్‌లో ఉన్న జాంబీలందర్నీ చంపి, తలుపులన్నీ మూసి, తాము ఉండే గదుల దారికి దొంగ గోడ కట్టి, ఆ నలుగురూ గెలుస్తారు. కాటు తగిలిన రోజర్ ఆ తర్వాత పోతాడు. సరిగ్గా అక్కడే రొమేరో కథని నెమ్మదింపజేస్తాడు. అన్నీ ఉన్నాయి, అడిగేవాడు లేడు. ఫ్రాన్ కడుపుతో ఉంది. ఖరీదైన బట్టలు, మంచి భోజనం, కొవ్వొత్తుల వెలుగులో విందు. స్టీఫెన్ ఉంగరం ఇస్తే ఆమె తీసుకోదు, అది నిజం అనిపించదు అంటుంది. పీటర్ పైకప్పు మీద ఒక్కడే గోడకి బంతి కొట్టుకుంటూ ఆడుకుంటాడు. టీవీలో వచ్చే కాస్త ప్రసారం కూడా ఆగిపోతుంది. మనకేం చేసుకున్నాం మనం అంటుంది ఫ్రాన్. రెండు గంటలకి పైగా నడిచే సినిమాలో నా లెక్కన గుండెకాయ ఇది. 'స్లో' అని మావాళ్ళు ఫార్వర్డ్ కొట్టేసేది కూడా ఇదే.

ఆ తర్వాత మోటార్‌సైకిళ్ళ మీద దోపిడీ ముఠా వస్తుంది. దాక్కుని ఊరుకుంటే దోచుకుని పోతారు, పీటర్ అదే చెబుతాడు. స్టీఫెన్ ఊరుకోలేడు. ఇది మాది, మేము తీసుకున్నాం అని గొణుక్కుంటూ కాల్పులు మొదలుపెడతాడు. ఆ కాల్పులే వాడి ప్రాణం తీస్తాయి. చచ్చి లేచిన స్టీఫెన్ ఏం చేస్తాడంటే, మిగతా జాంబీలందర్నీ వెంటబెట్టుకుని సరిగ్గా ఆ దొంగ గోడ దగ్గరికి నడిచి వస్తాడు. వాడికి అన్నీ పోయి ఆ దారి ఒక్కటే గుర్తుంది. మొదట్లో ఇతరుల గురించి వాడు చెప్పిన మాట ఇప్పుడు వాడికే వర్తించింది. నేను చూసిన భయానక చిత్రాల్లో ఇంత న్యాయమైన మలుపు ఇంకొకటి లేదు.

ఇక రీమేక్. దాని మొదటి పది నిమిషాలు ఏ సినిమాకైనా పాఠం చెప్పగలవు. డ్యూటీ దిగి ఇంటికొచ్చిన ఆనా అనే నర్సు, తెల్లారేసరికి పడగ్గది గుమ్మంలో నిలబడ్డ పక్కింటి పాప, మంచం మీద భర్త, బాత్రూం కిటికీ, కారు. నిన్నటిదాకా పచ్చిక కత్తిరించుకున్న వీధి ఒక్క రాత్రిలో ఏమైపోయిందో పైనుంచి చూపిస్తాడు స్నైడర్. ఆయన తీసిన మొదటి సినిమా అంటే నమ్మబుద్ధి కాదు. 2 కోట్ల 60 లక్షల డాలర్లతో తీస్తే 10 కోట్లకి పైగా వసూలు చేసింది, ఆ డబ్బు కష్టపడి సంపాదించుకున్నదే. పాత సినిమాలో పీటర్‌గా చేసిన కెన్ ఫోరీకి ఇందులో టీవీ ప్రసంగీకుడిగా చిన్న వేషం ఇచ్చి గౌరవం కూడా చూపించారు.

మాల్‌కి వచ్చాక రచయిత జేమ్స్ గన్ ఒక కొత్త ఆలోచన చేశాడు. పాత సినిమాలో లేనిది, నా దృష్టిలో రొమేరో ఆలోచనతో సమానమైనది. ఆనా, పోలీసు కెన్నెత్ వాళ్ళూ వచ్చేసరికి మాల్ ఖాళీగా లేదు. అక్కడి సెక్యూరిటీ గార్డులు ముగ్గురు ఉన్నారు. వాళ్ళ నాయకుడు సీజే. ముందు రానివ్వనంటాడు. తర్వాత ఆయుధాలు తీసుకుని, రాత్రికి లోపల పెట్టి తాళం వేస్తాడు. ఆ తర్వాత ఇంకో లారీలో ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు వస్తే గేటు తియ్యనంటాడు. నిన్నటిదాకా ఆ మాల్‌లో ఎవరూ కన్నెత్తి చూడని మనిషి, ప్రపంచం కూలాక ఆ మాల్‌కి దొర అయ్యాడు.

బెంగళూరులో ఇది చూసేవాళ్ళకి గేటు అనే విషయం ఎంత పెద్దదో ఒకరు చెప్పక్కర్లేదు. 2024 జూలైలో మాగడి రోడ్డులోని ఒక మాల్‌లో కొడుకుతో కలిసి సినిమాకి వచ్చిన ఒక పెద్దాయన్ని, రైతుని, పంచె కట్టుకున్నాడని గేటు దగ్గర ఆపేశారు. గొడవ పెద్దదై, ప్రభుత్వం ఆ మాల్‌ని వారం రోజులు మూయించింది. ఆపిన చెయ్యి సెక్యూరిటీ మనిషిది. ఆపమన్న నిబంధన అతనిది కాదు. అతని జీతానికి అదే మాల్‌లో ఒక కాఫీ తాగాలన్నా వెనకా ముందూ చూసుకోవాలి. 2020లో కూడా ఇంతే. లాక్‌డౌన్ కంటే ముందే కర్ణాటకలో మాల్స్, థియేటర్లు మూశారు, ఆ తర్వాత ప్రతి అపార్ట్‌మెంటూ తన గేటు తను వేసుకుంది. పనమ్మాయి రాకూడదు, డెలివరీ కుర్రాడు గేటు దాటకూడదు. ఆ మాట చెప్పాల్సిన పని మాత్రం మళ్ళీ గార్డుదే. మా గేటు దగ్గర అస్సాం నుంచి వచ్చిన కుర్రాడు ఉండేవాడు. ఏళ్ళ తరబడి మా వీధిలో నాలుగిళ్ళలో పనిచేసిన ఆవిడని ఆపాల్సి వచ్చినప్పుడు, ఆవిడ మొహం చూడలేక రిజిస్టర్ వైపు చూస్తూ మాట్లాడాడు.

స్నైడర్ సినిమా ఈ విషయాన్ని చేతిలోకి తీసుకుని, కాసేపటికే కింద పెట్టేసింది. లారీ వచ్చినప్పుడు మిగతావాళ్ళు సీజే చేతిలోంచి తుపాకీ లాక్కుని గేటు తీస్తారు. గేటు ప్రశ్న అక్కడితో సరి. తర్వాత సీజే మంచివాడైపోతాడు, చివర మిగతావాళ్ళ కోసం ప్రాణం కూడా ఇస్తాడు. మైకేల్ కెల్లీ ఆ పాత్రలో ఎంత బాగా చేశాడంటే, సినిమాలో నాకు అందరికంటే అతనే ఇష్టం. కానీ అతను మారింది ఎందుకో, గేటు దగ్గర తను చేసింది తప్పని ఎప్పుడు అనిపించిందో సినిమా చెప్పదు. మాల్ జీవితాన్నంతా ఒక పాట మీద రెండు మూడు నిమిషాల్లో దాటించేస్తుంది. గెలిచాక ఏం చేస్తాం అని అడిగే తీరిక ఎవరికీ ఉండదు, ఎందుకంటే వీళ్ళు ఎప్పుడూ గెలవరు. బస్సులకి ఇనుప కవచాలు తొడిగి రేవుకి పరుగు మొదలవుతుంది. అక్కణ్ణుంచి అది ఉత్సాహంగా సాగే యాక్షన్ సినిమా.

తీరిక ఇచ్చిన రెండు చోట్ల మాత్రం రీమేక్ పాత సినిమా పక్కన తల ఎత్తుకుని నిలబడుతుంది. ఒకటి, ఫ్రాంక్ అనే తండ్రి. కాటు తిన్నవాళ్ళంతా జాంబీలుగా మారిపోతారని తేలాక, కాటు తిన్న అతన్ని ముందే కాల్చెయ్యాలా అని వాదన వస్తుంది. ఉన్న ప్రతి క్షణం కావాలనిపిస్తుంది అంటాడతను. కూతురికి వీడ్కోలు చెప్పి ఒక గదిలో కూర్చుంటాడు. ఎదురుగా తుపాకీ పట్టుకుని కెన్నెత్ కూర్చుంటాడు, ఎదురుచూస్తూ. రెండోది, రోడ్డుకి అవతల తుపాకుల షాపు పైకప్పు మీద ఒంటరిగా చిక్కుకున్న ఆండీ. మధ్యలో వేల జాంబీలు. ఇటునుంచి కెన్నెత్, అటునుంచి ఆండీ తెల్లబోర్డుల మీద రాసుకుంటూ చదరంగం ఆడతారు. గొంతు ఎలా ఉంటుందో కూడా తెలియని మనిషితో స్నేహం. లాక్‌డౌన్‌లో మా ఎదుటి మేడ మీద ఒక ముసలాయన రోజూ సాయంత్రం నాకు చెయ్యెత్తి నమస్కారం పెట్టేవాడు, నేనూ పెట్టేవాణ్ణి. ఆ రోజుల తర్వాత ఆండీ సీన్లు నాకు ఇంకా పెద్దవయ్యాయి. స్నైడర్‌కి నిదానం చేతకాదని ఎవరైనా అంటే నేను ఈ రెండు సీన్లు చూపిస్తాను. చేతనయ్యీ చెయ్యలేదన్నదే నా బాధ.

రీమేక్ అంటేనే గిట్టని వాడిని కాదు నేను. తెలిసిన కథే హరికథలో ఏటా కూర్చుని వినే జాతి మనది. దాసుగారు ఈసారి ఎక్కడ ఆగుతాడు, ఎవరి తరఫున మాట్లాడతాడు అన్నదే అక్కడ విశేషం. జాంబీల్లో కూడా అలాంటి రీమేక్ ఒకటుంది. రొమేరో 1968లో లక్షా పధ్నాలుగు వేల డాలర్ల చిల్లర బడ్జెట్‌లో తీసిన నలుపు తెలుపు సినిమా 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'ని 1990లో టామ్ సవీనీ మళ్ళీ తీశాడు, రొమేరోయే స్క్రిప్టు రాశాడు. మొదటి సినిమాలో బార్బరా అన్న చనిపోయిన షాక్‌తో దాదాపు సినిమా అంతా మొద్దుబారి కూర్చుంటుంది. కొత్త బార్బరా కాసేపటికి కళ్ళు తుడుచుకుని చుట్టూ చూసి, వీళ్ళు ఇంత నెమ్మదిగా ఉన్నారు, పరిగెత్తక్కర్లేదు, పక్కనుంచి నడిచి పోవచ్చు అంటుంది. మా తమ్ముడు అడిగిన మాటే. ఇంట్లో ఉన్న మగవాళ్ళు మేడా నేలమాళిగా అని తగువులాడుకుంటూ చస్తారు. ఆమె నిజంగానే నడిచి వెళ్ళిపోయి బతుకుతుంది. సవీనీ సినిమాని అప్పట్లో పెద్దగా పట్టించుకోలేదు. తీత స్నైడర్ అంత పదునుగా లేదు కూడా. కానీ అది మూలంతో వాదనకి దిగింది. మీరు ఆ అమ్మాయిని తక్కువ అంచనా వేశారు అని మొహం మీదే చెప్పింది.

2021లో మన 'జాంబీ రెడ్డి' రీమేక్ కాకపోయినా, ఆ బెరుకులేనితనం కొంత చూపించింది. జాంబీల్ని కర్నూలు ఫ్యాక్షన్ ఊళ్ళోకి తెచ్చేసరికి, అప్పటికే కత్తులు పట్టుకు తిరిగే జనం దగ్గరికి ఈ చావు వస్తే ఏమవుతుందన్న ప్రశ్న దానంతటదే పుట్టింది. ప్రశాంత్ వర్మ దాన్ని వినోదంగానే ఉంచాడు. ఇంకా లోతుకి దిగి ఉండొచ్చని నాకుంది. అయినా మన మట్టిలో ఈ విత్తనం మొలుస్తుందని తేలిపోయింది.

డాన్ ఆఫ్ ద డెడ్‌ని మళ్ళీ ఎవరైనా తీస్తే, బెంగళూరులోనే తియ్యమంటాను. సీజే దగ్గర మొదలుపెట్టమంటాను. ఒడిశా నుంచో అస్సాం నుంచో అనంతపురం నుంచో వచ్చి, మాల్ గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడి సంచులు తనిఖీ చేసే కుర్రాడు. అందరూ పారిపోయాక తాళాలు అతని దగ్గరే మిగులుతాయి. జాంబీలు నడవాలి, పరిగెత్తకూడదు. ఫస్టాఫ్ అయ్యేసరికి అతను గెలవాలి, మాల్ మొత్తం అతనిదైపోవాలి. ఇన్నాళ్ళూ దూరం నుంచి చూసిన షాపుల్లోకి వెళ్ళాలి, మెత్తటి పరుపుల మీద పడుకోవాలి, ఊళ్ళో అమ్మకి ఫోన్ కలవకపోతే ఫుడ్ కోర్టులో ఒక్కడే కూర్చోవాలి. సెకండాఫ్‌లో గేటు బయట మనుషులు రావాలి, అతన్ని ఒకప్పుడు పేరు పెట్టి పిలవని మనుషులు. వాళ్ళలో ఎవరిని రానిస్తాడు, ఏం అడిగి రానిస్తాడు అన్నది రాయడానికి చేవ ఉన్న రచయిత కావాలి. మిగతా పని మేకప్ వాళ్ళు చూసుకుంటారు.